కాపలా యంత్రములకు పరీక్ష ఎన్నాళ్ల కొకసారి?

నాగోలు పేరు వినగానే హైదరాబాదు తూర్పు భాగమున నివసించువారికి రెండు విషయములు స్ఫురించును. ఒకటి, 2017 నవంబరులో ఇచటినుండి నడక సాగించిన మెట్రో రైలు. రెండవది, రవాణాశాఖవారి డ్రైవింగు పరీక్షా మైదానము. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతముల యువకులెందరో ఆ మైదానమున బండి నడిపి చూపి లైసెన్సు పొందియున్నారు. మనుష్యునకు ఒకసారి పరీక్ష పెట్టి, పెక్కేండ్లవరకు మరల పిలువరు. లారీకి, బస్సుకు అట్లు కాదు. వాటికి నియమిత కాలములలో సామర్థ్య పరీక్ష జరిగితీరవలెను. పూర్వము క్రొత్త బండికి మొదటి రెండేండ్లు గడచిన పిమ్మట ఏటేట పరీక్ష ఉండెడిది. 2018లో కేంద్ర ప్రభుత్వము ఈ నియమమును సవరించి, ఎనిమిదేండ్ల వయస్సు వరకు రెండేండ్ల కొకసారి, ఆపైన ఏటేట పరీక్ష చాలునని నిర్ణయించినది.

ఈ మార్పు వినగానే మనలో ఒక సందేహము కలుగక మానదు. పరీక్ష తగ్గించినచో భద్రత తగ్గదా? తగ్గునందుమేని, ఏటేట కాక నెలనెల పరీక్షింపరాదా? దినదినము పరీక్షింపరాదా? దినదినము పరీక్షించినచో బండి రోడ్డుపై కంటె పరీక్షా మైదానముననే ఎక్కువకాలము గడపును. పదేండ్ల కొకసారి యనినచో బ్రేకులు ఎప్పుడో అరిగిపోయి యుండును. ఈ రెండు కొసల నడుమ తగిన గడువు ఎచట నున్నది? దానిని ఎవరు, ఏ లెక్కపై నిర్ణయింపవలెను? లారీ విషయమున ఇది సామాన్యమైన ప్రశ్నయే. అణువిద్యుత్కేంద్రములోని రక్షణ పరికరముల విషయమున ఇదే ప్రశ్న మిక్కిలి గంభీరమైనది. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

తెలుగునాట అణువిద్యుత్కేంద్రము ఇంతవరకు లేదు. అట్లని ఈ విషయము మనకు దూరమైనదని తలపరాదు. నాగోలునుండి ఉప్పల్ దాటి ఉత్తరముగా పోయినచో ఇ.సి.ఐ.ఎల్. వచ్చును. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967 ఏప్రిలులో ఆ సంస్థ ఏర్పడినది. మన దేశపు మొదటి రియాక్టరు అప్సర 1956 ఆగస్టులో పనిచేయ నారంభించినప్పుడు, దాని నియంత్రణ సాధనములను రూపొందించినవారికి నాయకత్వము వహించినది ఆయనయే. ఎ.ఎస్. రావు నగరు ఆయన పేరనే వెలసినది. ఆ ప్రాంతముననే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు కూడ ఉన్నది. దేశములోని భారజల రియాక్టరులకు ఇంధనపు కట్టలు అచటినుండి పోవుచున్నవి. ఇక శ్రీకాకుళము జిల్లా కొవ్వాడ తీరమున ఆరు పెద్ద రియాక్టరులు నెలకొల్పవలెనను ప్రతిపాదన చాలకాలముగా నున్నది. కావున ఈ శాస్త్రమున పరీక్షల గడువు ఎట్లు నిర్ణయింతురో తెలిసికొనుట మనకు అవసరము.

యంత్రములు రెండు తెగలు. నిత్యము నడచునవి కొన్ని. అవసరము వచ్చువరకు ఊరకుండునవి కొన్ని. ఇంటిలోని ఫ్యాను మొదటి తెగకు చెందినది. అది చెడినచో తిరుగుట మానును. ఆ క్షణముననే మనకు తెలియును. బహుళ అంతస్తుల భవనము క్రింద ఒక మూల నుంచిన జనరేటరు రెండవ తెగకు చెందినది. దాని బ్యాటరీ ఏ వేసవిలోనో నిర్వీర్యమై యుండవచ్చును. కరెంటు పోయి లిఫ్టు నడుమ నాగిపోయినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు. మూసీనది ఎగువనున్న హిమాయత్‌సాగరు తలుపులును ఇట్టివే. ఏండ్లతరబడి కదలక యుండి, 2020 అక్టోబరు కుంభవృష్టివంటి రోజున తప్పక పైకి లేవవలెను. నడచు యంత్రము తన రోగమును తానే చెప్పుకొనును. కాపలా యంత్రము రోగమును లోపల దాచుకొని, ఆరోగ్యముగా నున్నట్లే కనిపించును.

అణువిద్యుత్కేంద్రమున ప్రాణరక్షణకు సంబంధించినవన్నియు దాదాపు కాపలా యంత్రములే. రియాక్టరును క్షణములలో ఆపివేయుటకు పైన వ్రేలాడు కడ్డీలున్నవి. అవి పడనిచో ఆపుటకు వేరొక పద్ధతి యున్నది. గొట్టము పగిలి నీరు పోయినచో లోని ఇంధనమును చల్లార్చుటకు అత్యవసర శీతలీకరణ పంపులున్నవి. బయటి విద్యుత్తు పోయినచో ఈ పంపులను నడుపుటకు డీజిలు జనరేటరులున్నవి. ఇవన్నియు ఏడాదిలో అన్ని దినములును ఊరకుండి, ఏనాడో ఒకనాడు పిలిచినప్పుడు వెంటనే పలుకవలెను. కనుకనే వాటిని అప్పుడప్పుడు మేల్కొలిపి చూచుట నియమమైనది. ఏ పరికరమును ఎన్ని దినముల కొకసారి పరీక్షింపవలెను, పరీక్షలో తప్పినచో ఎన్ని గంటలలో బాగుచేయవలెను, బాగుపడనిచో కేంద్రమును ఎప్పుడు ఆపివేయవలెను అను విషయములు సాంకేతిక నిబంధనలను గ్రంథమున వ్రాయబడి యుండును. మన దేశమున 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఆ గ్రంథమును ఆమోదించును. మండలి అనుమతి లేనిదే కేంద్రమువారు అందులోని గడువును తమకు తాముగా మార్చరాదు.

ఎంత తరచుగా పరీక్షించిన అంత మేలు అని సామాన్యముగా అనుకొందుము. దీనిని ఒక చిన్న లెక్కతో పరిశీలింతము. ఇవి ఉదాహరణకై మేము గైకొన్న అంకెలు మాత్రమే. ఒక పంపు సగటున పదేండ్ల కొకసారి లోలోపల చెడునని అనుకొందము. దానిని పరీక్షించుటకు ప్రతిసారి నాలుగు గంటలు పట్టునని, ఆ నాలుగు గంటలును అది కాపలాకు అక్కరకు రాదని అనుకొందము.

నెలకొకసారి పరీక్షించినచో, చెడిన పంపు సగటున పదునైదు దినములు ఎవరికిని తెలియక పడియుండును. పదేండ్ల కొకసారి చెడునది కావున, ఏడాదికి సర్దిన ఇది ఒకటిన్నర దినము, అనగా 36 గంటలు. పన్నెండు పరీక్షలకు 48 గంటలు. మొత్తము 84 గంటలు కాపలా లేదు. వారమున కొకసారి పరీక్షించినచో రోగము దాగియుండు కాలము ఏడాదికి 8 గంటలకు తగ్గును. కాని 52 పరీక్షలకు 208 గంటలు పోవును. మొత్తము 216 గంటలు. మూడు నెలల కొకసారి పరీక్షించినచో పరీక్షలకు పోవునది 16 గంటలే. దాగియుండు కాలము 108 గంటలు. మొత్తము 124.

వారము వారము పరీక్షించిన పంపు, మూడు నెలల కొకసారి పరీక్షించిన పంపుకంటె ఎక్కువకాలము అక్కరకు రాకుండ పోయినది! ఈ అంకెలపై అత్యుత్తమమైన గడువు సుమారు 35 దినములని గణితము చెప్పును. పంపు మరింత తరచుగా చెడునదైనచో గడువు తగ్గును; పరీక్షకు మరింత ఎక్కువ కాలము పట్టునదైనచో గడువు పెరుగును. పరీక్ష సాగుచుండగనే పిలుపు వచ్చినచో వెంటనే పలుకగల పరికరమైనచో లెక్కయే మారిపోవును. కావున అన్ని పరికరములకు ఒకే గడువు తగదు.

పరీక్షవలన కలుగు నష్టము ఈ గంటలతో ముగియదు. రెండవ నష్టము అరుగుదల. చల్లగా నున్న పెద్ద డీజిలు యంత్రమును పదిసెకండ్లలో పూర్తి వేగమునకు తెచ్చి, వెంటనే బరువు మోపుట దానికి ఎంతటి శ్రమయో ఊహింపుడు. నూనె అన్ని భాగములకు చేరకముందే లోహము లోహముతో ఒరసికొనును. అమెరికాలో 1977 నాటి ప్రభుత్వ మార్గదర్శక సూత్రము ప్రకారము, గడచిన నూరు పరీక్షలలో డీజిలు జనరేటరు ఒకసారికి మించి తప్పనిచో 31 దినముల కొకసారి పరీక్ష. రెండుసార్లు తప్పినచో 14 దినములకు. మూడుసార్లు తప్పినచో 7 దినములకు. అంతకు మించినచో 3 దినములకే ఒకసారి. పైకి ఇది న్యాయముగానే కనబడును. బడిలో తప్పిన పిల్లవానికి మరిన్ని పరీక్షలు పెట్టినట్లే గదా! కాని యంత్రము పిల్లవాడు కాదు. పరీక్షవలన అది నేర్చుకొనునది ఏమియు లేదు, అరుగుట మాత్రముండును. అరిగినది మరల తప్పును. తప్పినందులకు మరిన్ని పరీక్షలు వచ్చిపడును. ఈ విషవలయమును గుర్తించి 1984లో అచటి నియంత్రణ సంఘము, చల్లని స్థితినుండి అతివేగముగా లేపు పరీక్షలను తగ్గింపవలెనని కేంద్రములకు లేఖ వ్రాసినది. యంత్రమును ముందుగా వేడిచేసి, నూనె నింపి, మెల్లగా వేగము పెంచు పద్ధతికి నెలవారీ పరీక్షలలో చోటు దొరికినది.

మూడవ నష్టము అన్నిటికంటె సూక్ష్మమైనది. పరీక్షకై కొన్ని వాల్వులు మూయుదురు, కొన్ని తెరతురు, కొన్ని తీగెలు విప్పుదురు. పని ముగిసిన పిమ్మట అన్నిటిని మరల యథాస్థితికి తేవలెను. తేక మరచినచో? 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండు కేంద్రమున ప్రమాదము సంభవించినప్పుడు, ఆవిరి జనకములకు అత్యవసరముగా నీరు పంపవలసిన పంపులు నడచినవి. నీరు మాత్రము పోలేదు. దారిలోని వాల్వులు మూసియున్నవి. రెండు దినముల క్రిందట జరిగిన ఒక నిత్యపరీక్షలో వాటిని మూసియుండిరి. ఎనిమిది నిమిషముల పిమ్మట గాని ఆ సంగతి కనుగొనలేదు. ఆనాటి ప్రమాదమునకు ముఖ్యకారణము తెరచుకొని మూతపడని వేరొక వాల్వు. అయినను భద్రత కొరకు చేసిన పరీక్షయే కాపలాదారుని చేతులు కట్టివేసిన దనుట యథార్థము.

ఇంతవరకు విని పరీక్షలు ఎంత తగ్గించిన అంత మంచిదని తలంచినచో అదియు ప్రమాదమే. మన దేశములోనే 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశములోని నరోరా కేంద్రమున జరిగినది స్మరింపుడు. టర్బైను రెక్కలు విరిగి, హైడ్రోజను వెలువడి, మంటలు చెలరేగినవి. మంట కేబుళ్ల వెంట ప్రాకినది. రియాక్టరును నిమిషము లోపలనే సిబ్బంది ఆపివేసిరి. కాని ఆగిన రియాక్టరులోని ఇంధనము కూడ వేడిని ఇచ్చుచునే యుండును. అత్యవసర విద్యుత్తును మోయు కేబుళ్లు సైతము కాలిపోవుటచే సుమారు 17 గంటలు కేంద్రమున విద్యుత్తు లేకపోయెను. అప్పుడు ఆదుకొన్నవి అగ్నిమాపకమునకై ఉంచిన డీజిలు పంపులు. వాటితో ఆవిరి జనకములలోనికి నీరెక్కించి ఇంధనమును చల్లార్చిరి. రేడియోధార్మికత బయటికి పొక్కలేదు. ఆ పంపులు ఆ వేకువజామున పలుకకున్నచో కథ ఎట్లుండెడిదో! కాపలా యంత్రము పనికివచ్చు దినము పెక్కేండ్ల కొకటి. ఆ దినము మాత్రము దానికి మారు లేదు. దీనినుండి మరియొక సంగతియు బోధపడుచున్నది. యంత్రము నడచినంత మాత్రమున చాలదు. దానినుండి అక్కరయున్న చోటికి దారి కూడ సరిగా నుండవలెను. పరీక్షలో ఆ దారిని సైతము చూచినప్పుడే అది పరీక్ష యగును.

కావున గడువును సడలించుటయో, బిగించుటయో అను మాట వచ్చినప్పుడు దానికి ఒక క్రమము కావలెను. ప్రపంచమున ఈ క్రమము మెల్లమెల్లగా ఏర్పడినది. కెనడావారు ముఖ్య రక్షణ వ్యవస్థ ఒక్కొక్కటి అక్కరకు రాని కాలము వేయింట ఒక వంతునకు, అనగా ఏడాదికి సుమారు 9 గంటలకు, మించరాదని లక్ష్యముగా నిర్ణయించుకొని, ఆ లక్ష్యము నెరవేరునట్లు పరీక్షల గడువును ఏర్పరచుకొనిరి. అమెరికాలో తొలినాళ్ల గడువులు చాలవరకు ఇంజనీర్ల అంచనాపై నిర్ణయింపబడినవే. 1992లో వారు నిత్యపరీక్షలన్నిటిని పరిశీలించి, అరుగుదల కలిగించునవి, అనవసరముగా కేంద్రమును ఆపివేయునవి, ఫలమునకు మించి శ్రమ కలిగించునవి ఏవో గుర్తించిరి. 1993లో అట్టి వాటి గడువు సడలించుటకు అవకాశ మిచ్చిరి. 1998లో ప్రమాద సంభావ్యతను లెక్కించి గడువు మార్చుటకు మార్గదర్శకము వెలువడినది. అటుపిమ్మట, ముందుగా ఆమోదము పొందిన పద్ధతిని తు.చ. తప్పక అనుసరించినచో కేంద్రమువారే గడువులను సవరించుకొను ఏర్పాటు కూడ అచట అమలులోనికి వచ్చినది. పద్ధతిపై పెత్తనము మాత్రము నియంత్రణ సంఘమునదే.

మన భారజల రియాక్టరుల విషయమున ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత కలదు. వాటిలో ఇంధనమును కేంద్రము నడచుచుండగనే మార్చవచ్చును, అందుకై ఆపనక్కరలేదు. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్టు 2016 మే 13 నుండి 2018 డిసెంబరు 31 వరకు, 962 దినములు ఎడతెగక నడచి ప్రపంచమున రికార్డు స్థాపించినది. అందలి ఇంధనము మన హైదరాబాదునుండి పోయినదే. అన్ని దినములు నడచిన రియాక్టరులో రక్షణ పరికరములను ఎప్పుడు పరీక్షింతురు? నడచుచుండగనే పరీక్షింపవలెను. అందుకొరకే రక్షణ వ్యవస్థలో మూడు సమాంతర మార్గములుండును. మూడింట రెండు మార్గములు ప్రమాదమని చెప్పినచో రియాక్టరు ఆగిపోవును. కావున ఒక మార్గమును విడదీసి పరీక్షించుచున్నప్పుడు మిగిలిన రెండును కాపలా కాయుచునే యుండును. మూడింటిని ఒకేనాడు ఒకే మనుష్యుడు పరీక్షించుట మంచిది కాదు. అతని కొలమానము తప్పుదైనచో మూడును ఒకేసారి తప్పుదారి పట్టును. వేరువేరు దినములలో పరీక్షించినచో మొదటిదానిలో పొరపాటు రెండవదానికి సోకకముందే పట్టుబడును. గడువు పొడవు ఎంత ముఖ్యమో, పరీక్షల ఎడము కూడ అంత ముఖ్యము.

ఇక ఈ లెక్కలన్నిటికి పునాది ఏమి? పరీక్షల దాఖలా పుస్తకము. పదేండ్ల పరీక్షలలో ఎన్నిసార్లు తప్పినది, ఏ కారణమున తప్పినది అను విషయము అందులో నిజముగా వ్రాయబడి యుండవలెను. ఊరకున్న కాలమున తుప్పుపట్టి చెడిన లోపము వేరు. లేపునప్పటి ఒత్తిడివలన చెడిన లోపము వేరు. మొదటిదానికి తరచు పరీక్ష మందు. రెండవదానికి అదే విషము. రెండింటిని ఒకే పద్దున వ్రాసినచో గడువు ఎటు మార్చవలెనో ఎవరికిని తెలియదు.

ఇన్స్‌పెక్టరుగారు వచ్చు దినమున బడి గోడలకు సున్నము వేయించి, చదువు వచ్చిన పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టుట మనము ఎరిగినదే. యంత్రముల విషయమునను ఇట్టి ప్రలోభము కలదు. వాల్వు బిగుసుకొని యున్నచో పరీక్షకు ముందు ఒకసారి ఆడించి, పిమ్మట గడియారము చేత పట్టుకొని పరీక్షించినచో అది తప్పక నెగ్గును. కాని ప్రమాద దినమున దానిని ముందుగా ఆడించువారుండరు. ఉన్నదానిని ఉన్నట్లుగా పరీక్షించినప్పుడే దాఖలాకు విలువ. యంత్రము అరుగకుండుటకు ముందే నిర్ణయించి, నిబంధనలలో వ్రాసికొని చేయు వేడి వేరు. తప్పు కప్పిపుచ్చుటకు చేయు అలంకారము వేరు. తప్పిన పరీక్షను తప్పినట్లే వ్రాసిన ఉద్యోగిని మందలింపక మన్నించు వాతావరణము లేనిచోట ఎంతటి గణితమైనను ఇసుకపై కట్టిన గోడయే.

ఈ విషయమున మా అభిప్రాయము నిస్సంకోచముగా చెప్పెదము. గడువు పెంచుటను అశుభముగా చూడరాదు. తగ్గించుటను పుణ్యకార్యముగాను చూడరాదు. రెండింటికిని సాక్ష్యము కావలెను. మార్చునప్పుడు ఒక్కొక్క మెట్టుగా మార్చవలెను. మార్చిన పిమ్మట కనిపెట్టి చూచుచుండవలెను. లోపములు పెరిగినచో వెంటనే పాత గడువునకు మరలుటకు దారి తెరచియుంచవలెను. ఖర్చు తగ్గుననుట ఒక్కటే కారణమైనచో ఆ మార్పు తగదు. ఖర్చు తగ్గువారు ఒకరు, అపాయమునకు లోనగువారు వేరొకరు గదా! అందుచేతనే గడువుపై చివరి మాట, కేంద్రమును నడుపువారిది గాక స్వతంత్రముగా పరిశీలించువారిది కావలెను.

మన ఇండ్లకు సైతము ఈ నీతి వర్తించును. నాగోలు కాలనీలలో బహుళ అంతస్తుల భవనముల సంఘములవారు జనరేటరును ఖాళీగా రెండు నిమిషములు త్రిప్పి ఆపుటకంటె, అప్పుడప్పుడు లిఫ్టును, నీటి పంపును దానిపై నడిపి చూచుట మేలు. చూచిన పిమ్మట మీటను మరల తన స్థానమునకు త్రిప్పితిరా లేదా యని రెండవ మనిషి చూచి, తేదీతో పుస్తకమున వ్రాయుట ఇంకను మేలు.

రేపు కొవ్వాడలోనో, మరియొక చోటనో అణువిద్యుత్కేంద్రము వెలసినచో, చుట్టుప్రక్కల గ్రామములవారు అధికారులను అడుగవలసిన ప్రశ్నలు మూడు. రక్షణ పరికరములను ఎన్నాళ్ల కొకసారి పరీక్షించుచున్నారు? ఆ గడువును ఏ లెక్కపై నిర్ణయించితిరి? గడచిన ఏడాది ఎన్ని పరీక్షలు తప్పినవి, ఆపైన ఏమి చేసితిరి? మొదటి ప్రశ్నకు బదులు చెప్పుట ఎవరికైనను సులభమే. రెండవదానికి, మూడవదానికి తడబడక, కాగితము చూపి బదులు చెప్పగలిగినప్పుడే ఆ కేంద్రపు కాపలాను నమ్మి గ్రామస్థులు నిశ్చింతగా నిద్రింపగలరు.